దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు ఏడు మిషన్లు

విశ్వేశ్వరరావును నేను ఇప్పటికీ క్షమించలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగ్ సెంటర్ తెరిచిన నాటి నుంచి పదకొండేళ్ళు అక్కడి సర్వర్ రూం నేనే చూసుకున్నాను. ఆ సర్వర్‌ను ముక్కలుగా కొనుక్కొచ్చి ఈ చేతులతోనే బిగించాను. ఎల్బీనగర్ బ్రాంచికి కొత్త సర్వర్ వచ్చిన రోజున మాత్రం ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "జంగయ్యా, దీనికి హెడ్‌గా సర్టిఫికెట్ ఉన్న మనిషి కావాలయ్యా. నువ్వు ఎప్పటిలాగే కాంట్రాక్టు మీద ఉండు" అన్నాడు.

నాది తొమ్మిదో తరగతి, అదీ సగమే. ఆ మాట వినగానే చాయ్ కప్పు కింద పెట్టి లేచిపోయిన ఆడపిల్లల తండ్రులను నేను నలుగురిని చూశాను. నలభై నాలుగేళ్ళకు కూడా పెళ్ళి కాకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. ఇప్పుడు ఉద్యోగానికీ అదే అడ్డం వచ్చింది.

ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఆగస్టులో ఒక వాన రోజున తడిసిన గొడుగుతో సర్వర్ రూంలోకి వచ్చింది. పేరు బిందుమాధవి. తెనాలి వైపు వాళ్ళు, మన్సూరాబాద్‌లో ఉంటారు. వస్తూనే ఏసీ కింద పెట్టిన బకెట్ చూసింది.

"ఇదేమిటండీ?"

"బకెట్, మేడం. ఏసీ కారుతది."

"సర్వర్ పక్కనే నీళ్ళా!"

"పదకొండేండ్ల సంది కారుతనే ఉన్నది. ఒక్క చుక్క గూడ దాని మీద పడనియ్యలె."

ఆమె గొడుగు మూలన ఆనించింది. అందులోంచి కారిన నీళ్ళు సర్వర్ వైపే పారాయి. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. ఆమె పెదవి కొరుక్కుంది.

"సరే. ఈ సిస్టం వివరాలన్నీ ఎక్కడ రాసి పెట్టారు?"

నేను వేలితో నా తల చూపించాను.

"దీనికి బ్యాకప్ తీశారా?" అంది.

కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది. అది కనపడకుండా బకెట్ ఎత్తుకుని బయటికి పోయాను.

పని ఏమిటో చెబుతాను. మా పాత సర్వర్ చూడడానికి ఒక్కటే డబ్బా గాని, లోపల ఏడు మిషన్లు ఉండేవి. ఫీజులకు ఒకటి, హాజరుకు ఒకటి, ఆన్‌లైన్ పరీక్షలకు ఒకటి, అట్లా. మన కాలనీల్లో ఒకే ఇంటిని పోర్షన్లు చేసి కిరాయికి ఇస్తారు కదా, అదే తీరు. ఎవరి తలుపు వాళ్ళది, కరెంటూ నీళ్ళూ అందరికీ కలిపి. ఆ పోర్షన్లను నడిపే ఇంటి ఓనరు లాంటి సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. మా ఓనరు ముసలివాడైపోయాడు, కంపెనీవాళ్ళు అతన్ని పట్టించుకోవడం మానేశారు. ఏడుగురినీ ఎల్బీనగర్‌లో కొత్త ఓనరు దగ్గరికి మార్చాలి.

రెండు బ్రాంచీల మధ్య ఉన్న లైన్‌లో పంపితే ఒక్కో మిషన్‌కు రెండు రోజులు పడుతుంది. అందుకని మిషన్‌ను ఆపి, మొత్తాన్ని ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, మెట్రోలో మోసుకుపోదామని నేనన్నాను. పుస్తకంలో ఇట్లా ఉండదని ఆమె అంది. కాసేపు లెక్కలు వేసి, "సరే, పదండి" అని కూడా ఆమే అంది.

మొదటి రోజు డిస్కు సంచిని చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కిటికీ అద్దం మీద వాన అడ్డంగా జారుతోంది.

"జంగయ్య గారూ, అక్కడ ఆపేశాం. ఇక్కడ ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు ఈ మిషన్ ఎక్కడున్నట్టు?"

"మీ ఒళ్ళ ఉన్నది మేడం."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చైతన్యపురి దాటింది, విక్టోరియా మెమోరియల్ దాటింది, మళ్ళీ ఇటు తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేనేమన్నానో అప్పుడు తెలిసి, ఎల్బీనగర్ వచ్చేదాకా నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

రెండో మిషన్ కొత్తచోట లేవలేదు. నీలం తెర చూపించి ఆగిపోయింది. ఆమె మూడు గంటలు కుస్తీ పట్టింది. చివరికి నేను, "పాత ఇంట్ల ఉన్నప్పుడే దానికి కొత్తింటి డ్రైవర్ ఎక్కియ్యాలె మేడం. గా డ్రైవర్ లేకుంటే దానికి దాని డిస్కే కనపడదు" అన్నాను. దిల్‌సుఖ్‌నగర్ వెనక్కి పోయి అట్లాగే చేశాం. లేచింది.

"ఇది ఏ పుస్తకంలో చదివారు?"

"పుస్తకంల లేదు. ఆరేండ్ల కింద ఒకపారి ఇట్లనే కూలవడ్డది. మూడు దినాలు అన్నం తినలె."

ఆమె నవ్వలేదు. ఒక నోట్‌బుక్ తీసి తేదీ వేసి రాసుకుంది. పక్కన "చెప్పినవారు: జంగయ్య గారు" అని కూడా రాసింది. నా పేరు పక్కన 'గారు' అని రాసినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

ఆ తర్వాత పని త్వరగా అయిపోతుంటే నాకు దిగులు పుట్టేది. మూడు, నాలుగు, అయిదు. ప్రతిసారీ ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద బండి దగ్గర చాయ్. ఒక రోజు ఆమే చెప్పింది. పెళ్ళి రెండేళ్ళే నిలిచిందట. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉద్యోగం లేదు.

"ఇంటర్వ్యూకి వెళ్తే నా మార్కులు ఎవరూ అడగరండీ. ఈ ఎనిమిదేళ్ళూ ఏం చేశారు, అదే అడుగుతారు. ఇక్కడ మూడు నెలలు ప్రొబేషన్. ఈ పని చెడిందంటే నన్ను ఇంకెవరూ పిలవరు."

"చెడదు మేడం."

"మీరుండగా చెడదులెండి."

ఏడోది పరీక్షల మిషన్. దసరాకు నాలుగు రోజుల ముందు అదీ చేరిపోయింది. వెళ్తూ ఆమె నాకు మరీ మరీ చెప్పింది. "పాతదాన్ని ఆపేసి, నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్యండి. పదిహేను రోజులు అలాగే ఉంచి, తర్వాత తుడిచేద్దాం. ఈలోగా మాత్రం లేపకూడదు. ఒకే మనిషి రెండిళ్ళలో ఉంటే ఉత్తరాలు ఏ ఇంటికి పోతాయో తెలీదు."

అట్లాగే పీకేశాను. సెలవులకు ముందు రోజు దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో ఆయుధ పూజ. కంప్యూటర్లకు, జిరాక్స్ మిషన్‌కు, వాచ్‌మన్ సైకిల్‌కు కూడా కుంకుమ పెట్టారు. నేను పాత సర్వర్‌కు పసుపు రాసి చూశాను. చచ్చినట్టు నల్లగా ఉంది. పదకొండేళ్ళు పూజ అందుకున్నది. లైట్లు మిణుకుమనని మిషన్‌కు హారతి ఎట్లా ఇవ్వను? పది నిమిషాలే కదా అని స్విచ్ వేశాను. పచ్చ లైటు కేబుల్ ఉంటే తప్ప వెలగదు. కేబుల్ కూడా పెట్టాను.

కొబ్బరికాయ కొట్టారు. పులిహోర పెట్టారు. ఎవరో పిలిస్తే వెళ్ళాను. మళ్ళీ వచ్చి ఆపేసరికి రెండు గంటలైంది.

ఆ రెండు గంటల్లోనే రెండు బ్రాంచీల్లోనూ గ్రాండ్ టెస్ట్ జరిగింది. సాయంత్రం ర్యాంకులు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో రాసిన నూట నలభై మందికీ సున్నా. ఆ గదుల్లోని కంప్యూటర్లకు, సర్వర్‌తో పాటే లేచిన పాత పరీక్షల మిషనే దగ్గరగా పలికింది. పిల్లల జవాబులన్నీ దాని కడుపులోకి పోయాయి. నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఎల్బీనగర్‌లో కొత్తదాన్ని మాత్రమే తవ్వుతున్న ఆమెకు ఎట్లా అర్థమవుతుంది?

నేను వెళ్ళేసరికి విశ్వేశ్వరరావు ఆమె ముందు నిలబడి అరుస్తున్నాడు. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి, వేళ్ళు కీబోర్డు మీద ఆగకుండా పరుగెడుతున్నాయి. "ఎక్కడో పొరపాటు చేశానండీ. ఎక్కడో తెలియట్లేదు" అంటోంది.

ఆయన నన్ను వరండాలోకి లాక్కెళ్ళాడు. "చూశావా జంగయ్యా. కాగితాలు చూసి మోసపోయాను. ఆవిణ్ణి రేపు పంపించేస్తున్నా. హెడ్‌గా నువ్వే ఉండు. జీతం, పీఎఫ్, బోర్డు మీద పేరు, అన్నీ."

పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట. నోరు మూసుకుంటే చాలు. పాత డిస్కును తుడిచేది కూడా నేనే. అద్దం తలుపు అవతల ఆమె నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేస్తోంది, తన తప్పు కోసం వెతుక్కుంటూ. ఆ పేజీల్లో సగం నేను చెప్పినవే.

"సార్, తప్పు ఆమెది గాదు. నాది."

"ఏమన్నావ్?"

"పూజకని పాతదాన్ని నేనే లేపిన. కేబుల్ గూడ నేనే పెట్టిన. పిల్లగాండ్ల జవాబులు ఎటు పోలే, దాంట్లనే ఉన్నయి. మేడంను ఒక్క మాటంటే నేను ఊకోను."

తలుపు తెరుచుకుని ఉంది. ఆమె విన్నది. నన్ను చూసిన చూపులో జాలి లేదు, మెచ్చుకోలు లేదు, మండుతున్న కోపం ఉంది.

"నేను ఏం చెప్పాను మీకు?"

"లేపొద్దన్నరు."

"పదండి. ఆ డిస్కు తీసుకురండి."

జవాబులు తీసి కొత్తదాంట్లో కలిపేదాకా ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. రాత్రి పదకొండుకల్లా సరైన ర్యాంకులు వచ్చాయి. ఆమె ఉద్యోగం నిలిచింది. నన్ను మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె తల ఎత్తలేదు.

పండుగ పోయింది. అల్మాస్‌గూడలో నా అద్దె గది ముందు ఒక టేబుల్ వేసి రిపేర్లు మొదలుపెట్టాను. ఫోన్ మోగినప్పుడల్లా ఆమే అనుకునేవాణ్ణి. లోన్ కావాలా అని అడిగేవాళ్ళు. తొమ్మిదో రోజున వాన పడుతుండగా ఆటో ఆగింది. బిందుమాధవి దిగి, టేబుల్ మీద ఒక లాప్‌టాప్ పెట్టింది.

"పనిచేయట్లేదు. చూడండి."

విప్పి చూశాను. మళ్ళీ మళ్ళీ చూశాను. "మేడం, ఇది మంచిగనే ఉన్నది."

"నాకు తెలుసు."

వాన రేకుల మీద మోగుతోంది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"అసలు మీకు బుద్ధుందా? వద్దన్న పని ఎందుకు చేశారు?"

"పదకొండేండ్లు నాతోని ఉన్నది మేడం. పానం ఒప్పలె."

"నా సంగతీ అంతేనా? వరండాలో నా కోసం అలా అనేశారు. అదీ ప్రాణం ఒప్పకేనా?"

స్క్రూడ్రైవర్ టేబుల్ మీద పెట్టాను. "అంతే" అన్నాను. "గంతకంటె ఎట్ల చెప్పాల్నో నాకు రాదు."

"వచ్చినంత చాలు." మెల్లగా నవ్వింది. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అమ్మకు చెప్పాను. మా అమ్మ శేషారత్నం గారంటే మామూలు మనిషి కాదు. అబ్బాయికి నెలకెంతొస్తుంది అని అప్పుడే మొదలుపెట్టింది."

"ఏం చెప్పిన్రు?"

"వచ్చేది ఇంకా తెలీదమ్మా, నా కోసం వదులుకున్నది ఎంతో మాత్రం కనుక్కుని వస్తానన్నాను. కాంట్రాక్టు ఇంకా ఎన్ని నెలలుంది?"

"ఏడు."

"నెలకి?"

"ఇరవై ఆరు వేల అయిదు వందలు."

ఆమె నోట్‌బుక్ తీసి కలం నా చేతికిచ్చింది. వాన చినుకులు పడకుండా ఆ పేజీకి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి నీడలో నేను రాశాను: ఒక లక్షా ఎనభై అయిదు వేల అయిదు వందల రూపాయలు.