మునిరామయ్య నడుం దిండు

దెయ్యాలు రాత్రిపూటే వస్తాయని ఎవరు పుట్టించారో నాకు తెలియదు. నా జోలికి వచ్చింది మాత్రం మధ్యాహ్నం మూడు గంటలకు. అన్నం తిని, చేయి కడుక్కుని, నా కుర్చీలో నేను కూచుని ఉన్నాను.

నా కుర్చీ అని ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు చెప్పాలి. నా పేరు పంకజాక్షి. తిరుపతి నుంచి చిత్తూరుకు పోయే బస్సులో ఇరవై ఏడేళ్ళు కండక్టరుగా చేశాను. మా ఆయన ధనశేఖర్ డ్రైవరు. ఆయన ఇరవై ఏడేళ్ళు కూచుని పని చేశాడు, నేను ఇరవై ఏడేళ్ళు నిలబడి పని చేశాను. కండక్టరుకూ ఒక సీటు ఉంటుంది కదా అనేవాళ్ళకు ఒక దండం. చంకలో బిడ్డను పెట్టుకున్న తల్లో, మోకాళ్ళు పట్టేసిన ముసలాయనో ఎక్కితే ఆ సీటు ఎవరిది అవుతుందో మీరే చెప్పండి. రిటైరయ్యేసరికి నా నడుములో రెండు పూసలు అరిగిపోయాయి.

ఆపరేషన్ చేసిన డాక్టరు పంపించేటప్పుడు దాచకుండా చెప్పాడు. నడుముకు ఆసరా లేకుండా కూచోవద్దు, ఇంకోసారి పూస జరిగితే కాళ్ళు పని చేస్తాయని నేను మాట ఇవ్వలేను అన్నాడు. అప్పటినుంచి మూడు కుర్చీలు మార్చాను. దిళ్ళు ఎన్ని మార్చానో లెక్కే లేదు. ఒకటి మెత్తగా కుంగిపోయేది, ఒకటి ఎముకల్లో గుచ్చుకునేది. ఏ కుర్చీలోనూ పది నిమిషాలు దాటి కూచోలేకపోయాను.

ఆ సమయంలో మా వీధి చివర సోఫాలు బాగుచేసే రాజారత్నం ఈ కుర్చీని ఆటోలో వేసుకొచ్చాడు. వడమాలపేటలో ఎవరింట్లోనో వాడిందట. కాఫీ రంగు రెక్సిన్, వెడల్పాటి చేతులు. వీపు ఆనే చోట, లోపల, అరచేతి మందాన ఒక దిండు ఉంది. దాని వెనక చిన్న మోటారు. కుడి చేతి కింద బటన్లు. ఒకటి నొక్కితే దిండు గుయ్‌మంటూ ముందుకు వచ్చి నడుమును పట్టుకుంటుంది. ఇంకోటి నొక్కితే పైకీ కిందికీ జరుగుతుంది. మనకు ఎక్కడ నొప్పో అక్కడికి తెచ్చుకుని ఆపుకోవచ్చు. రాజారత్నం దాన్ని నడుం దిండు అన్నాడు, మేమూ ఆ పేరే ఖాయం చేశాం.

ఆ రోజు నేను గంటన్నర కూచున్నాను. నొప్పి లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇందులో సిగ్గుపడేదేముంది?

నాలుగో రోజు నుంచి మొదలైంది. పొద్దున్నే కుర్చీలో కూచుంటే దిండు నా నడుము దగ్గర లేదు. జానెడు పైన, బాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. సరిచేసుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ అక్కడికే పోయింది. రోజూ ఇదే వరస. ఎప్పుడూ అదే ఎత్తు, అదే చోటు. నాకంటే బాగా పొడుగైన మనిషి నడుముకైతే సరిగ్గా సరిపోయే చోటు.

రాజారత్నం వచ్చి వెనక గుడ్డ విప్పి చూశాడు. "వైర్లన్నీ బాగానే ఉండాయక్కా. నువ్వే బటన్ నొక్కి మర్సిపోతాండావేమో."

"ఇరవై ఏడేళ్ళు టికెట్లు కొట్టిన సెయ్యప్పా ఇది. ఏది నొక్కినానో నాకు తెలీదా?"

అతను తల గోక్కున్నాడు. కుర్చీ అమ్మిన ఇంటి కోడలు జయంతి నంబరు ఇచ్చి, ఏదైనా అడగాలంటే అడుగు అని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయనకు మాత్రం భయం పట్టుకుంది.

"వద్దు పంకజా, ఎవురికన్నా ఇచ్చేద్దాం దీన్ని."

"నువ్వు బతుకంతా కూసునే ఉండావు. నన్ను నాలుగు దినాలు కూసోనీ" అన్నాను. ఆయన అప్పటికి ఆ మాట వదిలేశాడు.

కార్తీక మాసంలో వాయుగుండం పట్టిన వారం అది. మా ఆయన బంగారుపాళ్యంలో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాడు. వాన తెల్లవారుజామున మొదలై ఒక్క చినుకు కూడా తగ్గకుండా పడుతోంది. మధ్యాహ్నానికే ఇల్లంతా చీకటి. ఉరుములకు భయపడి టీవీ వైరూ, కుర్చీ వైరూ గోడ నుంచి పీకేశాను. కాసేపటికి కరెంటు కూడా పోయింది. ఫ్రిజ్జు ఒకసారి వణికి ఆగిపోయింది. అప్పటిదాకా అది చేస్తున్న చప్పుడు ఎంత పెద్దదో అది ఆగాకే తెలిసింది. ఇక మిగిలింది సన్‌షేడు మీద నుంచి బకెట్లో పడే నీళ్ళ చప్పుడు ఒక్కటే.

కుర్చీలో కళ్ళు మూసుకుని కూచున్నాను. నడుము దగ్గర హాయిగా ఉంది.

ముందు వాసన వచ్చింది. తడిసిన విభూతి వాసన, వాడిపోయిన చామంతుల వాసన. మా ఇంట్లో ఆ రోజు దీపం కూడా పెట్టలేదు.

తర్వాత నా వెనక... గుయ్...

కళ్ళు తెరిచాను. దిండు కదులుతోంది. నెమ్మదిగా. నా నడుము మీదుగా పైకి పాకుతోంది. బటన్ మీద నా వేలు లేదు. వైరు గోడకు లేదు. కరెంటు లేదు.

గభాలున లేచాను. దిండు అదే చోటికి వెళ్ళి ఆగింది. నేను చూస్తుండగానే కూచునే చోట రెక్సిన్ మెల్లగా కుంగింది. మొదట వెనక భాగం. తర్వాత తొడలు ఆనే చోటు. ఎవరో చాలా అలసిపోయి, జాగ్రత్తగా కూచుంటున్నట్టు...

 ఫోను తీసి జయంతికి చేశాను. నేను ఎవరో చెప్పాను.

"కదలతా ఉండాదా అక్కా?" అని అడిగింది గుసగుసగా.

"కదలతా ఉండాది. ఎవురిది ఈ కుర్చీ?"

"మా మామది. మునిరామయ్య. ఆర్నెల్లాయె పొయ్యి." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "మా ఇండ్లల్లో సచ్చిపోయినోళ్ళను పండబెట్టరక్కా. కూసోబెడతారు. పడిపోకుండా వీపుకు ఒక చెక్క పలక ఆనిస్తారు. మన్నులో పెట్టేటప్పుడు గూడా కూసోబెట్టే పెడతారు, ఆ పలకను వీపెనకే పెట్టేస్తారు. వీపుకు ఆనిచ్చింది ఏదైనా సరే, ఆ మనిషితోనే గుంతలోకి పోవాల. అది మా పెద్దోళ్ళ కట్టుబాటు."

"మరి మీ మామకు?"

"ఆయన ఈ కుర్సీలోనే పొయినాడు. బటన్ నొక్కితే దిండే నిలబెడతాండాది, ఇంక పలకెందుకు అన్న్యాడు మా ఇంటాయన. ఆ పొద్దంతా దిండే ఆయన్ను నిలబెట్టింది. పూలేసినాం, దండాలు పెట్టినాం. ఇంత కుర్సీని గుంతలో యాడ పెట్టేది? ఎత్తుకపొయ్యి ఉత్తగా కూసోబెట్టేసినాం. వీపెనక ఏమీ లేదు."

నేను కుర్చీ వైపు చూశాను. రెక్సిన్ అట్లాగే కుంగి ఉంది.

"దాన్ని ఈడికి పంపించెయ్ అక్కా. పూడ్సేస్తాం. నీ కాళ్ళకు దండం పెడతా."

ఆ చివరి మాటకు నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఆ కాళ్ళ కోసమేనమ్మా ఇది. మీ మామకు ఇంక కాళ్ళతో పని లేదు. నాకుండాది. తప్పు చేసింది మీరు, కుర్చీ పోగొట్టుకునేది నేనా? ఇయ్యను."

ఫోను పెట్టేశాను. గదిలో విభూతి వాసన ముదిరింది. గొంతులోకి దిగి దగ్గు తెప్పించేంతగా.

నాకు భయం లేదని ఎవరు చెప్పారు? ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా వెళ్ళి ఆ కుర్చీలో కూచున్నాను. ఆ కుంగిన చోటే. ఐసుగడ్డ మీద కూచున్నట్టు ఉంది. రెండు చేతులతో కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాను.

"పెద్దాయనా, లే. ఇది నా సీటు."

గుయ్...

దిండు నా వీపు మీద నొక్కింది. ముందు మెత్తగా. తర్వాత గట్టిగా. నన్ను కుర్చీలోంచి ముందుకు తోసేస్తోంది. కాళ్ళు నేలకు తన్నిపెట్టి నేనూ వెనక్కి తోశాను. పూసల దగ్గర నొప్పి చురుక్కుమంది. పళ్ళు బిగపట్టాను. అది తోస్తోంది. నేను తోస్తున్నాను. బకెట్లో నీళ్ళు పడుతున్నాయి... ఎంతసేపో తెలియదు.

"లేవను" అన్నాను. "నువ్వెంత తోసినా లేవను."

అప్పుడు నా చెవి వెనక, చాలా దగ్గరగా, ఒక గొంతు. మన్ను నమిలినట్టు ఉంది ఆ గొంతు.

"వాలిపోతాండా... అమ్మా... పడిపోతాండా..."

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. భయంతో చేశానంటే ఒప్పుకోను. అలవాటుతో చేశాను. బస్సు కిక్కిరిసి ఉంటుంది, మలుపు వస్తుంది, పైన కమ్మీ అందని ముసలాయన పడిపోతాననుకుంటాడు. కండక్టరు ఏమంటుంది? ఇన్నేళ్ళలో కొన్ని వేల సార్లు అని ఉంటాను. ఆ మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"పడిపోవులే. నన్ను ఆనుకో అప్పా."

తోపు ఆగిపోయింది.

దిండు నెమ్మదిగా వెనక్కి వెళ్ళింది. కిందికి జారింది. సరిగ్గా నా నడుము దగ్గరికి వచ్చి, నేను రోజూ పెట్టుకునే చోట ఆగింది. వాసన పోయింది. కుర్చీ వెచ్చబడింది. కాసేపటికి కరెంటు వచ్చి ఫ్రిజ్జు మళ్ళీ చప్పుడు మొదలుపెట్టింది. నేను లేచి టీ కాచుకుని, అదే కుర్చీలో కూచుని తాగాను. గెలిచాననే అనుకున్నాను. ఇప్పటికీ కుర్చీ విషయంలో నేనే గెలిచాను. ఆ రోజు తర్వాత దిండు ఒక్కసారి కూడా దానంతట అది కదలలేదు.

వారం తర్వాత జయంతి ఫోన్ చేసింది.

"అక్కా, మా మామ గుంత మీద మన్ను దినామూ కుంగిపోతా ఉండె. ఎన్నిసార్లు పోసినా లోపలికి దిగిపోతా ఉండె. వారం నుంచి కుంగడంలా. గట్టిగా నిలబడిపొయ్యిండాది." అంది. "ఆయన ఎనక ఏమి పెట్టినావక్కా?"

నేను అప్పుడు వంటింట్లో నిలబడి సంగటి గెలుకుతున్నాను. నా వెనక కుర్చీ లేదు, గోడ లేదు. అయినా నా వీపు మీద ఒక బరువు ఆనుకుని ఉంది. వీపుకు వీపు. నేను పొయ్యి దగ్గరికి ఒక అడుగు జరిగాను. వెనక ఆ బరువూ ఒక అడుగు జరిగింది. మళ్ళీ కుదురుగా ఆనుకుని, హాయిగా ఊపిరి వదిలింది.

ఆనుకోనీ అనుకున్నాను. మోయగలను.

ఆ సాయంత్రమే మా ఆయన నా వెనక నిలబడి అడిగాడు. "ఏంది పంకజా, చీర అంచుకంతా ఎర్రమన్ను? యాడికి పొయ్యొచ్చినావు?"

నేను గడప దాటి మూడు రోజులైంది. మా ఇంట్లో అంతా సిమెంటు నేల. చీర మార్చుకుని, మన్ను పట్టిందాన్ని ఉతికి ఆరేశాను. మర్నాడు కట్టుకున్న వేరే చీరకు మోకాళ్ళ దాకా ఉంది మన్ను. దులిపితే రాలిపోయే దుమ్ము కాదు. తడి మన్ను, అప్పుడే పారతో వేసినట్టు చల్లగా. చీర చుట్టూ ఒకే మట్టాన ఉంది.

నిన్న నడుము దాటింది.

ఈ రోజు పొద్దున రవికె చేతుల దాకా వచ్చింది. ధనశేఖర్ ఆ మట్టాన్ని చూసి ఏడ్చేశాడు, కుర్చీని పంపించేద్దామని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ఇయ్యనని చెప్పాను. చీరా రవికా సబ్బు పెట్టి ఉతికి మిద్దె మీద ఆరేసి వచ్చాను. మెట్లన్నీ నా కాళ్ళతోనే ఎక్కాను, నా కాళ్ళతోనే దిగాను. ఇప్పుడు నా కుర్చీలో కూచుని ఇది రాస్తున్నాను. నడుములో నొప్పి లేదు. గొంతులో మాత్రం ఇందాకటి నుంచి ఏదో గరగరలాడుతోంది. దగ్గి అరచేతిలోకి ఉమ్మితే ఎర్రగా వచ్చింది. రక్తమేమో అనుకుని వేలితో రుద్ది చూశాను.

రక్తం కాదు.