ముఖం చూసి చెప్పిన వాసనలు

"మా షాపు సంగతుల్లో వేలు పెట్టడానికి మీరెవరండీ?" అన్నాడు చిన్న ఓనరు, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి.

"వేలు పెట్టను. మీ ముక్కొక్కటి ఇస్తే చాలు," అంది కౌంటర్ అవతలి అమ్మాయి. ఆమె గొడుగు నీళ్లు అప్పుడే శుభ్రం చేసిన కోటు మీద కారుతున్నాయి. అసలే కోపంగా ఉన్నవాడికి అదొకటి.

ఆ డ్రై క్లీనింగ్ షాపు చిన్న ఓనరు వాళ్ల నాన్నది. మరకలు తీసే మందు డబ్బాల మధ్యే బతుకంతా గడిపిన మనిషికి ఇప్పుడు పార్కిన్సన్స్. చేతులు వణుకుతాయి. చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది. ఆ మందుల ఆవిరికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందేమో తేల్చాలని ఈ అమ్మాయి పరిశోధన. జబ్బు బయటపడక ముందే కొందరికి వాసన తెలియకుండా పోతుందట. అందుకే షాపులన్నీ తిరిగి పనివాళ్లకి వాసన కార్డులు పెడుతోంది. ఈ తొలి పరీక్షల్లో ఏదైనా కనిపిస్తేనే ఒక ట్రస్టు పెద్ద పరిశోధనకి డబ్బిస్తుంది. లేదంటే కథ కంచికే. షాపులవాళ్లు ఆమెకి ముక్కు మేడమ్ అని పేరు పెట్టేశారు.

"మా షాపే మా నాన్నకి జబ్బు తెచ్చిందని బోర్డు కట్టమంటారా?"

"తేలేదని తేలినా నాకు సంతోషమే. ఏదీ తెలియకపోవడమే బాలేదు."

వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లింది. వారం తిరక్కుండా సిరా మరకతో చున్నీ పట్టుకొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి.

"ఈ మరక మీరే పోసుకున్నారు కదూ?"

"అదే ఒలికిందండీ."

"మొన్నా ఇలాగే ఒలికింది."

"ఆ సిరా బుడ్డికి బుద్ధి లేదు. ఏం చేయను?"

మూల కుర్చీలో నాన్న భుజాలు కదిలాయి. ఈ జబ్బుతో ఆయన నవ్వు ముఖంలోకి రావడం మానేసి చాలా కాలమైంది, భుజాల్లోనే చూసుకోవాలి. ఆమెది మాత్రం దానికి పూర్తిగా ఎదురు. మనసులో ఏముంటే ముఖంలో అది. చిన్న ఓనరుకి ఆ ముఖం చూడటం అలవాటైపోయింది.

చివరికి ఒక వాన రోజు మెషీన్లు ఆపి, "కానివ్వండి," అన్నాడు.

మొదటి కార్డు ముక్కు కింద పెట్టింది. "నిమ్మ, కిరోసిన్, గులాబీ, ఉల్లిపాయ. ఏది?"

ఏమీ లేదు. ఉత్త కాగితం. పోయిన వారం ఇస్త్రీ పెట్టె కింద చొక్కా మాడితే, పొగ కళ్లకి కనిపించేదాకా వాడికి తెలియలేదు. జలుబని సర్దిచెప్పుకున్నాడు.

ఇంకోసారి చదవమన్నాడు. గులాబీ దగ్గర ఆమె కనురెప్పలు కాస్త వాలాయి.

"గులాబీ," అన్నాడు.

అలా పన్నెండు కార్డులూ గట్టెక్కాడు. ఒక్కటీ తప్పలేదు.

"మీ ముక్కు బంగారం కానూ," అంటూ ఆమె హమ్మయ్య అనుకుంది.

"నాకు బాగుంటే మీ పరిశోధనకి నష్టమే కదా?"

"నష్టమే. అయినా బాగుంది," అని కార్డులు సర్దుకోవడంలో పడింది.

ఆమెకి తనంటే ఇష్టమని వాడికి అప్పుడే తెలిసింది. ఆ ఇష్టానికి తను అబద్ధం చెప్పానని కూడా. సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం నాన్న పిలిచాడు. "ఒరేయ్, చొక్కా మాడిన కంపు షాపు వెనక వంటింట్లో మీ అమ్మకి తెలిసింది, పక్కనున్న నీకు తెలియలేదు. నాకూ వాసన పోయిన కొత్తలో ఇంతే. మీ అమ్మ ముఖం చూసే కూర బాగుందనేవాణ్ని."

వాడు తల వంచుకున్నాడు. "చెప్తే రేపు నా గుండీలు ఆ మేడమ్ పెట్టాల్సొస్తుంది నాన్నా."

"పెడుతుందో లేదో ఆమెని అడుగు. ఆమె తరఫున నువ్వెవడివిరా తేల్చేయడానికి? నాకు చేతులు వణికితే నీకు నోరు వణకాలా?"

ట్రస్టు మీటింగుకి షాపులవాళ్లనీ పిలిచారు. ట్రస్టు పెద్దావిడ కాగితాలు తిరగేసింది. "అందరికీ వాసనలు బాగానే తెలుస్తున్నాయి. ఈ అబ్బాయికి పన్నెండుకి పన్నెండు. ఇంక దేనికి డబ్బివ్వాలి?"

చిన్న ఓనరు లేచాడు. "నేను వాసన చూసి చెప్పలేదండీ. మేడమ్ ముఖం చూసి చెప్పాను. గులాబీకి రెప్పలు వాలతాయి. ఉల్లికి ముక్కు ఎగబీలుస్తుంది. కిరోసిన్ అనేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది. ఆ ముఖం నాకు కంఠతా వచ్చు."

అన్నాక గానీ, ఇంతమందిలో ఏమన్నాడో వాడికి తెలిసిరాలేదు. వెనకెవరో దగ్గారు.

"అంటే పరీక్ష పెట్టినావిడకి జవాబులు ముందే తెలుసన్నమాట," అంది పెద్దావిడ కళ్లజోడు తీసి. "అయితే ఈ లెక్కలేవీ చెల్లవు. జవాబు తెలియనివాళ్లతో మళ్లీ చేయించండి. ప్రస్తుతానికి దానికే డబ్బిస్తాం. పెద్ద పరిశోధన సంగతి తర్వాత."

ముక్కు మేడమ్ ముఖం పాలిపోయింది. వాడి వైపు చూడకుండానే వెళ్లిపోయింది. చున్నీ తీసుకెళ్లడానికి కూడా రాలేదు.

మళ్లీ పరీక్ష ఎవరో కొత్తతను పెట్టాడు. చిన్న ఓనరు గట్టిగా కళ్లు మూసుకుని జవాబులు చెప్పాడు. దాదాపు అన్నీ తప్పాయి.

"ఇంతమాత్రానికే జబ్బని కాదు," అన్నాడు ఆ జవాబులు చూసిన డాక్టరు. "మందుల ఆవిరికీ పోవచ్చు. కనిపెట్టి చూడాలి."

బయట ఆసుపత్రి వరండాలో ముక్కు మేడమ్ నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి.

"మీ డబ్బు పోగొట్టాను," అన్నాడు.

"కొంత మిగిలింది లెండి. ఇకమీదట మీకు పరీక్ష నేను పెట్టకూడదని రాసిచ్చేశాను."

"ఎందుకు?"

"కావలసినవాళ్లకి పెట్టకూడదు."

వాడు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "రేపు నాకు చేతులు వణకొచ్చు."

"వణకొచ్చు," అంది. కాదనలేదు. "అప్పుడు జిప్పులున్న చొక్కాలు కొందాం." అంటూనే ఏడ్చేసింది. "నాకు చాలా భయంగా ఉందండీ."

"నాకూ."

వాన పెద్దదైంది. ఎండిన నేల తడుస్తోంది. వాడు కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు.

"కళ్లు తెరవండి," అంది ఆమె. "ఇది పరీక్ష కాదు. నా ముఖం చూడండి."

చూశాడు.