ప్లగ్గు లేని క్రాస్ ట్రైనర్

ఆ లేడీస్ జిమ్‌లో వెనక గది మంచిది కాదు.

ఈ మాట నేనన్నది కాదు, అక్కడికి వెళ్లే ఆడవాళ్లందరూ అనేదే. ముందు హాల్లో అద్దాలు, పాటలు, గెంతులు... ఒకటే సందడి. హాలు దాటి, లాకర్లు దాటి, చివరి తలుపు తోస్తే ఆ గది. ట్యూబులైటు పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. లోపల ఒకే ఒక్క క్రాస్ ట్రైనర్. నిలబడి తొక్కే మెషీను అది. పాదాలు పెడల్స్ మీంచి లేవవు, చేతుల్లో కడ్డీలు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి.

దానికి ప్లగ్గు లేదు. మనిషి తొక్కితేనే అందులో కరెంటు పుడుతుంది. అప్పుడే దాని మీదున్న చిన్న తెర పచ్చగా వెలుగుతుంది. తొక్కడం ఆపితే ఆరిపోతుంది.

మరి రాత్రి ఎనిమిదిన్నర దాటాక, ఎవరూ లేని ఆ చీకట్లో... ఆ తెర ఎందుకు వెలుగుతున్నట్టు?

ఎవరో బ్యాంకు మేనేజరమ్మ దాని మీదే గుండె ఆగి పోయిందట. ఆ రోజు మొదలుపెట్టిన అరగంట పూర్తి కాలేదట. అందుకని రోజూ వచ్చి తొక్కుతోందట! నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం నష్టం లేదు. నేనైతే ఆ వీధిలోకి బస్సు తిరిగిందంటే టిక్కెట్లు చూసుకుంటున్నట్టు తల దించుకుంటాను.

నాకిది చెప్పింది మా డ్రైవరక్క. పదకొండేళ్లుగా ఆమె బస్సుకి నేనే కండక్టర్ని. అక్కకి అబద్ధాలు చేతకావు. ఉన్నమాట మొహం మీదే అనేసి సగం డిపోతో గొడవలు పెట్టుకున్న మనిషి.

అక్క ఎడమ మోకాలికి ఆపరేషనైంది. ఎడమకాలంటే క్లచ్ కాలు. డిపో వాళ్లు ఆమెని తీసుకెళ్లి, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, టిఫిన్ డబ్బాలు దాచే గదిలో కూర్చోబెట్టారు. ఆరు వారాల తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష. పాసైతే స్టీరింగు, లేదంటే రిటైరయ్యేదాకా గొడుగులే.

"నేను గొడుగుల దగ్గర ముసలిదాన్ని కానురా," అంది నాతో. కళ్లలో నీళ్లు లేవు. ఒట్టి కోపమే.

డాక్టరు ఒకటే చెప్పాడు — పరుగు వద్దు, గెంతులు వద్దు, పాదం నేలకి కొట్టుకోకూడదు. సైకిలు తొక్కడానికి మోకాలు ఇంకా అంతగా వంగదు. క్రాస్ ట్రైనర్ ఒక్కటే దారి, రోజుకి అరగంట.

చుట్టుపక్కల దొరికిన క్రాస్ ట్రైనర్ అదొక్కటే. ఆ గదిలోది.

మొదటిరోజు అడిగితే జిమ్ కోచ్ పకపకా నవ్విందట. ఆవిణ్ణి అందరూ పిడుగు మేడం అంటారు, గొంతు అలాంటిది. ఇరవై ఏళ్లుగా ఆడవాళ్లని గెంతించి గెంతించి మనుషుల్ని చేసిన మనిషి. "అదా? అది ముసలమ్మల ఉయ్యాలమ్మా! దాని మీద ఊగితే చెమటైనా పట్టదు. పైగా..." అని గొంతు తగ్గించింది. "ఆ గది సంగతి తెలుసుగా?"

వారం రోజులు అక్క హాల్లోనే ఓ మూల చేతుల వ్యాయామం చేసుకుంది. మోకాలు కొయ్యలా అలాగే ఉంది. వారం దండగైపోయిందని లెక్క తెలిసేసరికి ఆమెకి ఒళ్లు మండింది.

ఎనిమిదో రోజు రాత్రి, గొడుగుల గది మూసి, తిన్నగా జిమ్‌కి పోయింది. అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టాలి, అది వాళ్ల రూలు. ఫోను పెట్టేసింది, నడుంకి తువ్వాలు చుట్టుకుంది, వెనక గది తలుపు తోసింది.

చీకటి.

ఆ చీకట్లో — పచ్చగా, చిన్నగా — తెర వెలుగుతోంది.

కడ్డీలు ఊగుతున్నాయి. ష్... ష్... ష్... అని చక్రం తిరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనకాల ఎవరో ఊపిరి బిగబట్టి వదులుతున్నారు.

"వెంటనే పరిగెత్తుకు రాలేదా అక్కా?" అన్నాను.

"ఏ మోకాలితో పరిగెత్తనురా?" అంది.

అదీ నిజమే. పారిపోవడానికి కాలు లేని మనిషికి ధైర్యం తప్ప ఇంకేం మిగులుతుంది? అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. గుండె దడదడలాడుతోందట. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఏవమ్మా," అంది చీకట్లోకి. "ఇంకా ఎంతసేపు?"

ష్... ష్...

"నీకేం, బోలెడు టైముంది. నాకు అయిదు వారాలే ఉన్నాయి. దిగు."

చక్రం నెమ్మదించింది. తెర మిణుకుమిణుకుమంది... ఆరిపోయింది.

ఇంక ఆ గదిలో ఏమీ కనబడలేదు. గుడ్డ రాపిడిలాంటి చప్పుడొకటి గోడవారగా జరిగి, మూలకి పోయి ఆగింది. అక్క తడుముకుంటూ వెళ్లి మెషీనెక్కింది. కడ్డీలు వెచ్చగా ఉన్నాయి.

"దెయ్యం పట్టుకుంటే చల్లగా ఉండాలి కదక్కా?"

"అది నువ్వెళ్లి దాన్నడుగు."

ఆ రాత్రి ఏడు నిమిషాలు తొక్కింది. మూలన ఎవరో నిలబడి చూస్తున్నారని వీపుకి తెలుస్తూనే ఉందట. దిగాక మూలవైపు తిరిగి చెప్పింది — "ఇదిగో, నువ్వెవరివో నాకనవసరం. నీ మొహంతో నాకు పని లేదు, బండితో పని. ఎనిమిదిముప్పావు నుంచి తొమ్మిదింపావు నాది. మిగతా రాత్రంతా నీదే."

మర్నాడు ఎనిమిదిముప్పావుకి వెళ్తే మెషీను ఖాళీగా ఉంది. కడ్డీలు అప్పుడే వదిలినట్టు వెచ్చగా ఉన్నాయి.

నేను బతిమాలాను. వేరే ఊరి డిపోకి మార్పించుకుందామన్నాను, ఆ గొడుగులే నయమన్నాను. అక్క నన్ను చూసిన చూపుకి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె సంచిలో బస్సు చక్రాలు విప్పే స్పానరొకటి పెట్టుకుని తిరుగుతోందని నాకు తర్వాత తెలిసింది.

నాలుగో రాత్రి జరిగిందే అసలు సంగతి.

పదిహేను నిమిషాలయ్యాయి. మోకాలు సలుపుతోంది. పళ్లు బిగించి తొక్కుతోంది. అప్పుడు... వెనకనుంచి, చెవికి జానెడు దూరంలో —

"మడమ..."

అక్క ఒళ్లు ఝల్లుమంది. కడ్డీల మీద చేతులు బిగుసుకుపోయాయి.

"మడమ లేస్తోంది... ఆనించు."

ఒట్టి గుసగుస. ఆడగొంతు. అక్క వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్లు తిరిగి పడేదాన్నంది. గత్యంతరం లేక మడమ ఆనించింది.

సలుపు సగానికి సగం తగ్గింది.

"మరి ఈ మాట ముందు చెప్పొచ్చుగా?" అంది అక్క. వణుకుతూనే అంది.

అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి చీకట్లోంచి ఏదో ఒక మాట వచ్చేది. "నడుము నిటారుగా..." "కడ్డీ పట్టుకుని వేలాడకు..." "ఊపిరి వదులు..." అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువుండేది కాదు. ఏడు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఇరవై అరగంటయ్యాయి. పగలు హాల్లో పిడుగు మేడం అక్కని చూసి "ఏమ్మా, ఉయ్యాలూగుతున్నావా?" అని అందర్నీ నవ్వించేది. అక్క కూడా నవ్వి ఊరుకునేది. రాత్రి వెళ్లి ఆ నవ్వు మీద కోపమంతా పెడల్స్ మీద చూపించేది.

నాలుగో వారంలో మోకాలు బూరెలా వాచింది. అయినా వెళ్లింది. ఎక్కబోతుంటే గుసగుస —

"రేపు రాకు... ఎల్లుండీ రాకు. వాపు తగ్గనీ."

"నువ్వెవరు నాకు చెప్పడానికి? పరీక్ష దగ్గరికొచ్చేసింది."

ఈసారి మరీ చిన్నగా —

"నేను ఆగలేదు... అందుకే ఇలా ఉన్నాను."

అక్క రెండు రోజులు ఆగింది. వాపు తీసింది.

పరీక్ష రోజు నేనూ డిపోలోనే ఉన్నాను. డ్రైవరు సీటు దగ్గరున్న ఎత్తు మెట్టు పదిసార్లు ఎక్కి దిగమన్నారు. ఎక్కింది, దిగింది. బస్సుని ఎత్తు మీద నిలబెట్టి, క్లచ్ తొక్కిపట్టి ఉంచమన్నారు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ ఆమె కాలు వంకే కళ్లప్పగించాడు. ఆ కాలు వణకలేదు! మడమ ఆనించి, నడుము నిటారుగా పెట్టి కూర్చుంది మా అక్క. ఆయన సంతకం పెట్టగానే నేను డోర్లో నిలబడి, ఒక్క ప్రయాణికుడూ లేని బస్సులో, "రైట్... రైట్!" అని గొంతు చించుకున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

ఆ రాత్రి అక్క మళ్లీ జిమ్‌కి బయల్దేరింది. చేతిలో డిపోలో బస్సు కిందకి దూరి చూసే లైటుంది.

"వద్దక్కా. పనైపోయింది కదా," అన్నాను.

"సాయం చేసినవాళ్లకి మొహం చూసి చెప్పాలిరా. దెయ్యమైతే మాత్రం?"

ఎనిమిదిన్నరకే వెళ్లింది. అంటే తన టైముకి కాదు, దాని టైముకి. తలుపు తోసింది. తెర పచ్చగా వెలుగుతోంది. చక్రం తిరుగుతోంది. ష్... ష్...

అక్క లైటు వేసింది.

ముందు పాదాలు కనబడ్డాయి. మామూలు పాదాలే, మడమలు ఆనించి ఉన్నాయి. పైన రెండు మోకాళ్లకీ నల్లటి పట్టీలు. పట్టీల అంచుల్లోంచి వాపు ఉబికి ఉంది. బట్టలు చెమటతో ఒంటికి అతుక్కుపోయాయి. ఇంకా పైన —

పిడుగు మేడం.

"ఆర్పు..." అంది మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "లైటు ఆర్పక్కా."

అక్క ఆర్పలేదు.

"బ్యాంకు మేనేజరమ్మ?" అంది.

"ఎవరూ లేరు. నేనే పుట్టించాను. ట్యూబు తీసేసిందీ నేనే." ఆవిడ కడ్డీలు పట్టుకునే నిలబడింది, దిగడానికి కూడా కష్టంగా ఉందట. "ఇరవై ఏళ్లు గెంతాను. రెండూ అరిగిపోయాయి. నీకు చెప్పిందే డాక్టరు నాకూ చెప్పాడు. నేను దీని మీద కనబడితే ఇంక నా క్లాసుకి ఎవరొస్తారు?"

"పగలు నన్ను చూసి నవ్వించావు."

ఆవిడ తల దించుకుంది. అయిదు వారాలు దెయ్యాన్ని 'నువ్వు' అన్న నోటికి, ఇప్పుడు 'మీరు' అనడం రాలేదంది అక్క.

"దెయ్యంలా ఉండదల్చుకున్నదానివి నోరు మూసుకుని ఉండాల్సింది. అదిగో, ఆ మూలనున్న వెనక తలుపులోంచి పోతే నాకు తెలిసేదే కాదు."

"పోదామనే అనుకున్నాను," అంది పిడుగు మేడం. "నువ్వు తొక్కడం చూశాను. కళ్ల ముందు మనిషి మడమ లేపి తొక్కుతుంటే ఎలా ఊరుకోను?"

అక్కకి పట్టరాని కోపం వచ్చింది. దండగైన వారం గుర్తొచ్చింది, హాల్లో నవ్వులు గుర్తొచ్చాయి. అయినా ఆ కోపం ఆ వాచిన మోకాళ్ల మీదకి పోలేదట. లైటు పక్కన పెట్టింది. ఎడమ మోకాలు నేలకి ఆనించి కిందకి దిగింది. ఆపరేషనయ్యాక అలా కూర్చోవడం అదే మొదటిసారి. జారిపోతున్న పట్టీని విప్పి, మళ్లీ గట్టిగా బిగించింది.

"దిగు," అంది. "దీని కింద చక్రాలున్నాయి. నువ్వటు పట్టుకో."

"ఎక్కడికి?"

"హాల్లోకి. అద్దాల ముందుకి."

"నవ్వుతారక్కా."

"నవ్వనీ. నేనుంటాను కదా."

హాల్లో ఇంకా నలుగురైదుగురు జుట్టు ముడులేసుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ ఉన్నారు. ఎవరూ తెరవని ఆ తలుపు కిర్రుమని తెరుచుకుంది. చీకట్లోంచి క్రాస్ ట్రైనర్ మెల్లగా దొర్లుకుంటూ బయటకొస్తోంది... ఎవరో కెవ్వుమన్నారు. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ కుర్చీ వెనక్కి నక్కి, ఏడుపు గొంతుతో అడిగింది — "ఎ... ఎవరది?"

గోడల అద్దాలు అదిరేలా జవాబొచ్చింది.

"నేనే! నా మోకాళ్లు రెండూ పోయాయి. నిలబడి చూస్తారేం, ఆ రెండో తలుపు రెక్క కూడా తియ్యండి."