పచ్చిక పలకలు

దసరా దగ్గర పడింది. వాకిట్లో ముగ్గు పెట్టి వచ్చిన నీలావతి, అటక మీది చెక్కపెట్టె దించి మూత తీసింది. పెట్టె ఖాళీగా ఉంది.

అందులో ఉండాల్సినవి కొలువులో బొమ్మల కింద పరిచే చెక్క పలకలు. రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి, ఆరబెట్టి, తుమ్మబంకతో అంటిస్తే పచ్చిక. జల్లెడ పట్టిన ఎర్రమట్టితో బాట. ఏ పలక పక్కన ఏది పెట్టినా బాట కలిసేలా చేసింది నీలావతి. అందుకే ఏటా కొత్త ఊరు తయారయ్యేది. తల్లి లేని పిల్లగా పెనుకొండకు కాపురానికి వచ్చిన కొత్తలో, అత్త రుక్మిణమ్మ పక్కన కూర్చుని పొట్టు జల్లించి ఇస్తుంటే మొదటి పలక చేసింది. ఆ ఇల్లు తనదనిపించింది ఆ రోజే.

"అత్తా, పలకలు లేవే! యాడ పెట్టినావు?"

రుక్మిణమ్మ చేటలోని బియ్యం మీంచి తల ఎత్తలేదు. "చెదలు పట్టినాయమ్మా. పొయ్యిలో ఏసేసినా. చెప్తే ఏడుస్తావని చెప్పలేదు."

నీలావతి ఏడవనే ఏడ్చింది. రుక్మిణమ్మే దగ్గరకు తీసుకుని, కొంగుతో కళ్లు తుడిచింది.

పండుగ మొదలయ్యాక హిందూపురం నుంచి పేరంటానికి పిలుపు వచ్చింది. అక్కడ రుక్మిణమ్మ కూతురు అంజనమ్మ కొత్త కోడలు. "ఎండలో నీకెందుకు, నేను పోయొస్తాలే" అంది రుక్మిణమ్మ. నీలావతి భర్త గోవిందరాజులు ఒప్పుకోలేదు. "ఇద్దరూ పోయి రాండి" అని తానే రైలెక్కించాడు.

అంజనమ్మ ఇంటి నడవలో అడుగుపెట్టిన నీలావతి అక్కడే ఆగిపోయింది. బొమ్మల కింద పచ్చిక. పచ్చిక మధ్య ఎర్రబాట. ఒక పలక మూలలో, తాను చేసినప్పుడు బంక ఎక్కువై రంగు ముదిరిన మచ్చ కూడా అలాగే ఉంది.

"మా కోడలు చేసిందమ్మా! బలే చెన్నాగుండాది కదా?" అంజనమ్మ అత్త ఆదిలక్ష్మమ్మ వచ్చిన వాళ్లందరికీ చూపిస్తోంది. "దీనికి ఏమీ చేతకాదనుకుంటి." అంజనమ్మ తల వంచుకుని తాంబూలాలు సర్దుతోంది.

నీలావతి అత్తను వంటింట్లోకి తీసుకుపోయింది.

"చెదలు పట్టినాయంటివే?"

రుక్మిణమ్మ గోడకు ఆనుకుంది. "దాన్ని ఈడ రోజూ దెప్పుతాండారమ్మా. పుట్టింటికి పంపిస్తామన్నారు. శ్రావణంలో వచ్చినప్పుడు నేనే ఇచ్చి పంపినా."

"నన్ను అడిగింటే ఇచ్చేదాన్ని కాదా?"

"ఏం చేసేది? అది నా కడుపున పుట్టింది..."

ఆ మాట అన్నాక రుక్మిణమ్మ నాలుక కరుచుకుంది. నీలావతి ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి బయటికి వచ్చేసింది.

"ఏమ్మా నీలావతీ, మీ ఆడబిడ్డ పనితనం చూసినావా?" ఆదిలక్ష్మమ్మ పలకరించింది. ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. అంజనమ్మ ముఖం పాలిపోయింది.

"చూసినా పిన్నీ. బాగుండాది" అంది నీలావతి.

వంటింటి గడపలో నిలబడ్డ రుక్మిణమ్మ అది విన్నది. "బాగుండాది అంటాందే గానీ, చేసింది అదే వదినా!" అంది గట్టిగా. "నా కోడలు చేసినవి అవి. చెప్పకుండా తీసిచ్చింది నేను. నా బిడ్డను మీరు తక్కువ చేయకూడదని అబద్ధమాడినా. అనేదుంటే నన్ను అనండి."

కోడలు అంతగా భయపడింది తన మాటలకేనని ఆదిలక్ష్మమ్మకు అప్పుడు తెలిసినట్టుంది, మెల్లగా కూర్చుండిపోయింది. అంజనమ్మ వచ్చి నీలావతి చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఏడవద్దు అంజనా. పెనుకొండకు రా, నేర్పిస్తా. వచ్చే ఏడు నీ చేత్తో చేసి పెడుదువు."

తిరుగు రైలులో రుక్మిణమ్మ ఎదురుబల్ల చివర ఒదిగి కూర్చుంది. "నామీద కోపం పోదు కదమ్మా నీకు?"

"పలకలు పోయినాయని కాదత్తా. నేను ఏడుస్తాంటే నా కళ్లు తుడిచినావే, అంతా తెలిసుండీ. అదే మింగుడుపడటంలేదు."

రుక్మిణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయింది. నీలావతి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. పెనుకొండ కొండ కనబడేదాకా లేవలేదు. అప్పుడు లేచి, వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"ఇంకెప్పుడన్నా ఏమన్నా కావాల్లంటే నన్ను అడుగత్తా. కూతుర్ని అడిగినట్ల అడుగు."