అత్త మింగించిన మాత్ర

సౌదీలోని జుబైల్‌లో తెల్లవారకముందే వేడి మొదలైంది. ఖుర్షీదా మంచం అంచున కూర్చుని కాళ్ళు చూసుకుంది. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బాయి. లేచి నిలబడాలంటే భయం. లేవగానే కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి.

“లేసేకి కూడా ముహూర్తం చూడాల్నా నీకు?” అత్త హుస్సేన్‌బీ మాత్ర, నీళ్ళ గ్లాసు తెచ్చింది. “మింగు. నా కాళ్ళ వాపు దీంతోనే దిగింది.”

“డాక్టరు బిగుతు మేజోళ్ళు వేసుకోమన్నాడు గదత్తా. ఉప్పు, నీళ్ళు ఎక్కువ తీసుకోమన్నాడు...”

“మంచం మీద పండుకోని మేజోళ్ళు తొడుక్కునేది కూడా వైద్యమేనా? దొరసాని!”

గడ్డం గీసుకుంటున్న ఖుర్షీదా మొగుడు మస్తాన్ వలీ నవ్వాడు. “ఇంకెన్ని దినాలులేమ్మా. శుక్రవారం దీనికి ఎగ్జిట్టే గదా.”

ఇంట్లోవాళ్ళకు తలకింతని సౌదీ సర్కారుకు లెవీ కట్టాలి. ఈ ఏడు ఇంకా పెరిగింది. ముగ్గురినీ ఉంచుకోలేనన్నాడు. పనికిరాని మనిషని ఖుర్షీదాకు ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపేస్తాడట. రెండేళ్ళ అఫ్షాన్ మాత్రం నానమ్మ దగ్గర ఇక్కడే ఉంటుందట. పని చేసి చూపిస్తే మనసు మార్చుకుంటాడేమోనని ఖుర్షీదా మాత్ర మింగి, బిడ్డను చంకనెత్తుకుని గబుక్కున లేచింది.

నాలుగడుగులు వేసిందో లేదో ఒళ్ళు తేలిపోయింది. బిడ్డతో సహా కూలిపోయింది. అఫ్షాన్ నుదురు తలుపు అంచుకు కొట్టుకుని చిట్లింది.

“మోసేకి చేతగానిదానికి బిడ్డెందుకే?” మస్తాన్ వలీ పాపను లాక్కున్నాడు.

క్లినిక్‌లో పాపకు కుట్లు పడ్డాయి. చిత్తూరు నర్సు మునిరత్నమ్మ ఖుర్షీదాను పడుకోబెట్టి బీపీ చూసింది. నిలబెట్టి మళ్ళీ చూసి, ముఖం చిట్లించింది.

“ఏం మాత్రలు మింగతా ఉండావమ్మా?”

ఖుర్షీదా అత్త వైపు చూసింది. హుస్సేన్‌బీయే చెప్పింది. “నావే. నా బీపీకి ఇచ్చినవి, ఒంట్లో నీరు దించేవి. పది దినాల నుంచి ఇస్తాండా.”

“నీకు బీపీ ఎక్కువ కాబట్టి సరిపోయింది. ఈ పిల్లకు లేస్తేనే బీపీ పడిపోతుంది. కాళ్ళ నరాల్లో రక్తం నిలిచి వచ్చిన వాపు ఇది. నీరు తోడేస్తే పోయేది కాదు. ఉన్న బీపీ కూడా దించేసినావు. పాప నుదుటి మీది కుట్లు నీ మాత్ర పుణ్యమే.”

హుస్సేన్‌బీ గోడకు జారగిలబడింది.

“ఏదైతేనేం, రోగిష్టిదే గదా! టికెట్టు తీసేసినా” అన్నాడు మస్తాన్ వలీ.

“నోరు ముయ్‌రా! దాన్ని పడేసింది నేను. ఆ ఎగ్జిట్టు నా పేరున కొట్టించు. దాని బిడ్డ దాని దగ్గరుండనీ.” కోడలి చెయ్యి పట్టుకుని భోరుమంది. “తిట్టనన్నా తిట్టవేమే నన్ను?”

ఊర్లో అత్తకు ఎవరూ లేరు. ఆ సంగతి ఖుర్షీదాకు తెలుసు. ‘నువ్వు పోవద్దత్తా’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే, శుక్రవారం విమానం ఎక్కేది ఎవరో కూడా తెలుసు. పాపను గుండెకు హత్తుకుని, అత్త చేతిని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది గానీ, ఆ ఒక్క మాటా అనలేదు.