ఉప్పుకోట రాక్షసికి కళ్ళజోడు

"రాక్షసికి కళ్ళజోడెందుకండీ?"

ఎడిటరమ్మ గొంతు వినగానే పక్కగదిలో డీటీపీ అక్క టైపు చెయ్యడం ఆపేసి చెవులు రిక్కించింది.

బల్లకి ఇవతల ఆర్టిస్టు నిలబడి ఉన్నాడు. బొమ్మలు తడవకుండా తెచ్చాడు గానీ, తను మాత్రం వానలో తడిసి ముద్దయ్యాడు.

"చూపు ఆనదేమోనని..." అని నసిగాడు.

"మరి కొప్పులో పెన్సిలు?"

"రాసుకోడానికండీ."

"మనుషుల్ని తినే రాక్షసి ఏం రాసుకుంటుంది?"

అతను జుట్టులోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకున్నాడు.

'ఉప్పుకోట రాకుమారి' కథంటే ఎడిటరమ్మకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. అట్ట ఊడి, కుట్లు తెగేదాకా చదివింది. ఉప్పుతో కట్టిన కోటలో రాకుమారి నిద్రపోతూ ఉంటే, ఒక రాక్షసి కాపలా కాస్తుంది. ఆ పుస్తకాన్ని కొత్త బొమ్మలతో వేద్దామని మేనేజరు గారి చుట్టూ తిరిగి ఒప్పించింది ఆమే. ఈ ఆర్టిస్టుకిదే మొదటి పుస్తకం. ఆ అవకాశం ఇప్పించిందీ ఆమే, గీసుకొచ్చిన ప్రతి బొమ్మా బాలేదని తిప్పి పంపిందీ ఆమే.

తీరా ప్రెస్సుకి పంపాల్సిన ఇవాళ రంగులు వేసిన పేజీలు తెచ్చాడు. డీటీపీ అక్క తొంగిచూసి కిసుక్కున నవ్వింది. "ఆ కళ్ళజోడూ, కొప్పులో పెన్సిలూ... ఈ రాక్షసి అచ్చం నువ్వే కదే!" అంది. ఆఫీసులో అందరూ ఏదో పనున్నట్టు వచ్చి చూసి వెళ్ళారు. మేనేజరు గారైతే పోలిక బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా. దాంతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తప్పులు దిద్దానని కక్ష తీర్చుకున్నారన్నమాట!"

"అయ్యో, కక్ష కాదండీ. చెయ్యి దానంతటదే గీసేసింది."

"మీ చేతికి నేను రాకుమారిలా కనపడలేదేం?" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

అతను తలెత్తి చూశాడు.

"రాకుమారి మొదటి పేజీలో పడుకుంటుంది, ఆఖరి పేజీలో లేస్తుంది. మధ్యలో ఎక్కడా కనపడదండీ. రాక్షసైతే ప్రతి పేజీలోనూ ఉంటుంది."

ఇంతలో మేనేజరు గారు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టారు. "ప్రెస్సు వాళ్ళు లైన్లో ఉన్నారు. ఈ బొమ్మలే వేద్దామా, ఇంకో ఆర్టిస్టుని చూద్దామా? తేల్చమ్మా!"

ఆర్టిస్టు మొహం పాలిపోయింది. "మీకిష్టమైన కథ పాడు చేశాననిపిస్తే తీసుకుపోతానండీ," అంటూ పేజీలు సర్దబోయాడు.

ఆమె వాటిమీద చెయ్యి వేసి ఆపింది. ఈసారి కోపం పక్కన పెట్టి చూసింది. మొదటి పేజీలో రాక్షసి రాకుమారికి దుప్పటి సర్దుతోంది. కిటికీకి గడ్డం ఆనించి ఆవులిస్తోంది. ఇంత పొడుగు బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటోంది. చిన్నప్పుడు ఆ పాత పుస్తకంలో రాక్షసి కనపడగానే భయపడి కళ్ళు మూసుకుని పేజీలు తిప్పేసేది. ఇప్పుడా రాక్షసిమీద జాలేసింది. తనని ఇంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ చూడలేదనిపించి, ఎంతో సంతోషమూ వేసింది.

"ఇవే వేద్దాం సార్. ఒక్క దిద్దుబాటు ఉంది, సాయంత్రానికల్లా పంపేస్తాం."

మేనేజరు గారు వెళ్ళిపోయారు. ఆర్టిస్టు నీరసంగా, "మళ్ళీ ఏమిటండీ?" అన్నాడు.

"రాక్షసి పాపం ఒక్కతే తింటోంది. ఎదురుగా ఇంకో కుర్చీ వెయ్యండి."

"వేస్తాను. అందులో ఎవర్ని కూర్చోబెట్టమంటారు?"

"అది కూడా నేనే చెప్పాలా? మీ ఇంట్లో అద్దం లేదూ?"