మారెన్ స్నానం చేస్తోంది

కాలేజీ వాళ్ళు మాకిచ్చిన గది మూడో అంతస్తులో, కారిడార్ చివర. కిటికీ తీస్తే పైన్ చెట్లు, వాటి కింద సరస్సు. రెండు మంచాలు, రెండు బల్లలు, గోడమీద ఎవరో పాత విద్యార్థి గీకిపోయిన బూతుమాట ఒకటి. అంతస్తు మొత్తంలో లోపలే బాత్రూం ఉన్న గది మాదొక్కటే. మిగతా అమ్మాయిలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని కారిడార్లో వరస కడుతుంటే మేం మహారాణుల్లా లోపలే స్నానాలు కానిచ్చేవాళ్ళం. ఆ గది దొరికిందని ఎంత మురిసిపోయామో!

నిజానికి మేమింకా హైస్కూలు పిల్లలమే. వేసవి సెలవుల్లో కాలేజీ హాస్టల్లో ఉంచి, కాలేజీ ప్రొఫెసర్ల చేత పాఠాలు చెప్పిస్తారు. నచ్చితే రేపు సీటు కోసం వాళ్ళే నాలుగు మంచి మాటలు రాస్తారు. ఆ నాలుగు మాటల కోసమే నేను అయోవాలో మొక్కజొన్న చేలు వదిలి ఉత్తర మిన్నెసోటా దాకా వచ్చాను. నాకు ఈత రాదు. నా గదిలో ఉన్న మారెన్ మాత్రం పెద్ద సరస్సు ఒడ్డునున్న డులుత్ ఊరి పిల్ల, నీళ్ళలోనే పుట్టినట్టు ఈదుతుంది. మొదటి రోజు నేను పెట్టె సర్దుకుంటుంటే తొంగిచూసి, "ఒసే జోనీ, ఇన్ని సాక్సులేంటే? నువ్వేమన్నా జెర్రివా?" అంది. ఆ మాటతో మేం కలిసిపోయాం.

మా ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు. ఎండ వేడి సరస్సులో ఎంత లోతుకి దిగుతుందో చూడటం. నీళ్ళ మధ్యలో ఒక చెక్క తెప్ప ఉండేది. దాని కిందకి తాడు వేసి, వేడి కొలిచే చిన్న గొట్టం ఒకటి కట్టాం. అది తనంతట తనే కొలుచుకుంటూ, అన్నీ లోపల దాచుకుంటుంది. ఆఖరి రోజు రానే వచ్చింది. తెల్లారితే తల్లిదండ్రులొస్తారు, వాళ్ళ ముందు మేం మాట్లాడాలి. ఆ మధ్యాహ్నం పడవ వెళ్ళినప్పుడు గొట్టం విప్పి తెచ్చే పని నాది.

పడవ వెళ్ళింది. నేను వెళ్ళలేదు. టెక్సస్ నుంచి వచ్చిన కుర్రాళ్ళతో వాలీబాల్ ఆడుతూ, వాళ్ళు వేసే ప్రతి పిచ్చి జోకుకీ పళ్ళికిలిస్తూ కూర్చున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మారెన్ అడిగింది. "గొట్టం ఎక్కడ పెట్టావే?"

పడవ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"చచ్చాం పో," అంది మారెన్ నా మొహం చూసి. "సర్లే, గ్వెన్‌కి చెబుదాం. పడవ తీయిస్తుంది."

గ్వెన్ అంటే మా అంతస్తు చూసుకునే కాలేజీ సీనియర్. మంచిదే. కానీ గ్వెన్‌కి చెబితే మా ప్రాజెక్టు చూసే ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్‌కి తెలుస్తుంది. ఆయనకి తెలిస్తే నా నాలుగు మాటలూ గోవిందా. "వద్దే, నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకే," అని బతిమాలాను. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. సగం నిజమే అవి.

మారెన్ నిట్టూర్చింది. "ఏడవకు మహాతల్లీ. ఈదుకుంటూ వెళ్ళి నేను తెస్తాలే. నువ్వు ఒడ్డున నిలబడు, అంతే. నాకేమన్నా అయితే అరుస్తాను, నువ్వెళ్ళి జనాన్ని పిలువు."

అక్కడ జత లేకుండా ఎవరూ నీళ్ళలో దిగకూడదు. ఒకరు ఈదితే ఒకరు చూడాలి. మొదటి రోజు నుంచీ మా చెవుల్లో పోరిన నియమం అదొక్కటే.

"మరి గ్వెన్ రాత్రి హాజరు చూడ్డానికి వస్తే?" అన్నాను. "ఇద్దరం లేకపోతే దొరికిపోతాం. నేను గదిలో ఉండి నువ్వు స్నానం చేస్తున్నావని చెబుతా. అది అటు వెళ్ళగానే పరిగెత్తుకుంటూ ఒడ్డుకి వచ్చేస్తా."

"వస్తావుగా?"

"వస్తానే బాబూ, వస్తా! నువ్వు పద."

వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. ఆ వేళప్పుడు కూడా అక్కడ ఆకాశంలో వెలుగు మిగిలే ఉంటుంది. సరస్సు సీసం రంగులో ఉంది. అవతలి ఒడ్డున మబ్బు మూసుకొస్తోంది. ఎక్కడో ఉరిమింది. ఆపనా అనుకున్నాను. ఆపలేదు.

బాత్రూంలోకి వెళ్ళి వేడినీళ్ళ షవర్ తిప్పి, తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి గ్వెన్ తలుపు కొట్టింది.

"ఇద్దరూ ఉన్నారా?"

"మారెన్ స్నానం చేస్తోంది," అన్నాను.

మిగతా రోజుల్లో అయితే సరేనని వెళ్ళిపోయేది. ఆ రోజు లోపలికొచ్చింది. "ఆఖరి రోజు కదా, ఎవర్నీ నమ్మను. కింది అంతస్తులో ఒకత్తి ఇలాగే స్నానం అని చెప్పించి అబ్బాయిల హాస్టల్లో తేలింది. మొహం చూడాలి, లేదంటే గొంతు వినాలి." బాత్రూం తలుపు మీద దబదబా బాదింది. "మారెన్! బతికున్నావా?"

లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇక దొరికిపోయాను. చెప్పెయ్యాలి. చెబితే పడవ వెళ్తుంది.

"గ్వెన్... అసలేమైందంటే..."

"ఆ... వస్తున్నా!"

లోపలి నుంచి. మారెన్ గొంతు. ఆ సాగదీత కూడా మారెన్‌దే.

గ్వెన్ నవ్వింది. "మిగతా జనానికి కూడా కాసిని నీళ్ళు మిగల్చవే తల్లీ," అని వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. నాకు ముందు కలిగింది భయం కాదు. అమ్మయ్య అనుకున్నాను. బయటపడ్డాన్రా దేవుడా అని గుండెమీద చెయ్యేసుకున్నాను. భయం తర్వాత వచ్చింది.

"మారెన్? ఎప్పుడొచ్చావే?"

నీళ్ళ చప్పుడు.

"మారెన్... ఎటునుంచి వచ్చావు?"

"ఆ... వస్తున్నా!"

అదే సాగదీత. అంతే పొడుగు. ఇందాకటి మాటని తీసి మళ్ళీ అక్కడ పెట్టినట్టుంది. ఆ బాత్రూంకి కిటికీ లేదు. తలుపు ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను.

తలుపు తోశాను. వేడినీళ్ళు కదా, ఆవిరి కొట్టాలి. చల్లగా గాలి కొట్టింది. దాంతోపాటు వాసన... కుళ్ళిన నాచు, బురద, తుప్పు. నేను తీసి ఉంచిన ప్లాస్టిక్ తెర ఇప్పుడు మూసి ఉంది. నీళ్ళు నేలమీద పడుతున్నట్టు లేదు. మనిషి మీద పడి జారుతున్నట్టుంది.

తెర కింద సందులోంచి చూశాను. పాదాలు లేవు.

తెర కొంచెం నా వైపుకి ఉబ్బింది.

ఎలా పరిగెత్తానో తెలీదు. కారిడార్ అవతలి చివర గ్వెన్ గది తలుపు మీద పడ్డాను. "మారెన్ గదిలో లేదు! సరస్సులో ఉంది! ఒక్కతే వెళ్ళింది!"

"ఇప్పుడే కదే దానితో మాట్లాడాను?"

"అది మారెన్ కాదు!"

గ్వెన్ చేతులు కట్టుకుంది. ఆఖరి రోజు సీనియర్లని ఆటపట్టించడం అక్కడ మామూలే. ఆ పొద్దున్నే దాని బూట్ల నిండా ఎవరో కార్న్‌ఫ్లేక్స్, పాలు పోశారు. పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"మీ ఇద్దరికీ ఇవాళ నేనే దొరికానా?" అంది. అయినా వచ్చింది.

గదిలో షవర్ ఆగిపోయి ఉంది. మారెన్ మంచం మీద నిండా దుప్పటి కప్పుకుని ఎవరో గోడవైపు తిరిగి పడుకున్నారు. దిండు అంచున తడి జుట్టు వేలాడుతోంది. దాని కొసల నుంచి నీళ్ళు నేలమీద... టప్... టప్...

"చూశావా? హాయిగా పడుకుంది," అంది గ్వెన్ గొంతు తగ్గించి. "నువ్వు కూడా నాటకాలు ఆపి పడుకో." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేనూ, అదీ మిగిలాం.

దుప్పటి పైకి లేచింది. మళ్ళీ దిగలేదు. ఊపిరి పీల్చడం తెలిసి, వదలడం తెలియనట్టు అలాగే ఉబ్బి ఉండిపోయింది. కిటికీ బయట సరస్సు నల్లబడింది. నేను వెళ్తానన్న ఒడ్డు అది. అక్కడ మారెన్ నాకోసం చూస్తూ ఉంటుంది. నేను అబద్ధం ఆడాను. ఆ అబద్ధం వచ్చి మంచమెక్కి పడుకుంది. అది అక్కడ ఉన్నంతసేపూ మారెన్ కోసం ఎవరూ వెతకరు.

కారిడార్లో గోడకి, నిప్పంటుకుంటే మోగించే గంట పిడి ఉంటుంది, ఎర్రది. ఊరికే లాగితే ఆ క్షణమే ఇంటికి పంపేస్తారు. ప్రొఫెసర్ మాటలూ పోతాయి, సీటూ పోతుంది. అంత జరుగుతున్నా, సిగ్గులేకుండా ఒక్క క్షణం ఆగి అదంతా ఆలోచించాను.

తర్వాత లాగాను.

హాస్టల్ అంతా గంట మోతతో లేచింది. అమ్మాయిలు పైజామాలతో, దుప్పట్లతో, తిట్టుకుంటూ కింద సిమెంటు బాట మీద చేరారు. వాన ఇంకా పడలేదు, ఉరుములే. నేను అందరికంటే వెనక, విడిగా నిలబడ్డాను. గ్వెన్ టార్చి వెలుగులో పేర్లు పిలుస్తోంది.

"జోనీ ప్రూయిట్?"

"ఉన్నా."

"మారెన్ హౌగెన్?"

నా భుజం వెనక, చెవి పక్కనే, చల్లగా... "ఆ... వస్తున్నా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఉన్నా అనాలే మొద్దూ! ఇంకా ఎక్కడికే వచ్చేది?"

గ్వెన్ నవ్వలేదు. అదే మాట, అదే సాగదీత. ఇందాక తను విన్నదే. టార్చి మెల్లిగా నా వైపు తిప్పింది.

నా వెనక ఎవరూ లేరు. పొడి సిమెంటు మీద తడి పాదాల గుర్తులు. హాస్టల్ గుమ్మం నుంచి వచ్చి, నా మడమల వెనక ఆగాయి. మళ్ళీ తిరిగి వెళ్ళిన గుర్తులు లేవు.

"గ్వెన్," అన్నాను, "పడవ."

ఇంకేమీ అడగలేదు. పరిగెత్తింది.

మారెన్ దొరికింది. బతికే దొరికింది. మా గొట్టం కట్టిన తాడే కాలికి చుట్టుకుని, మెడదాకా నీళ్ళలో తెప్ప నిచ్చెన పట్టుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. వేళ్ళు బిగుసుకుపోయి, నిచ్చెన నుంచి విడదీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. ఇంకాసేపైతే అంతేనని అంబులెన్స్‌లో వచ్చినావిడ ఎవరితోనో అంటుంటే విన్నాను.

మర్నాడు మా అమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళే దారిలో ఆసుపత్రి దగ్గర ఆపింది. మారెన్ మొహం పాలిపోయి ఉంది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బావురుమన్నాను.

"నన్ను క్షమించవే. వస్తానని చెప్పి నేను ఒడ్డుకి రాలేదు."

మారెన్ నా వైపు తల తిప్పింది.

"రాలేదంటావేంటి? వచ్చావుగా."

"ఏంటి?"

"కాలు ఇరుక్కోగానే అరిచాను. పైన్ చెట్ల కింద నిలబడి ఉన్నావు. 'ఆ... వస్తున్నా' అన్నావు. ఇంక భయం లేదనుకుని అరవడం మానేశాను. ఎంతసేపు చూశానే నీకోసం... పిలిచినప్పుడల్లా వస్తున్నా, వస్తున్నా అన్నావు. అక్కణ్ణుంచి కదల్లేదు. నేను మునుగుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"అది నేను కాదే! ఒట్టు!"

"నీ గొంతు నాకు తెలీదా జోనీ?" అని గోడవైపు తిరిగి, దుప్పటి తలమీదకి లాక్కుంది.

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా తియ్యలేదు. తియ్యకపోవడమే న్యాయం. ఒడ్డున నిలబడింది నేను కాదు. కానీ గొట్టం మరిచింది నేను, గ్వెన్‌కి చెప్పొద్దని ఏడ్చింది నేను, గదిలో కూర్చుని అమ్మయ్య అనుకున్నది నేను. అది కాదు ఇది కాదు అని ఏ మొహం పెట్టుకుని వాదించను?

ఇంటికొచ్చాక నేను స్నానం తొట్టెలోనే చేస్తున్నాను. షవర్ తిప్పడం లేదు.

నిన్న సాయంత్రం పెరట్లో ఆరేసిన దుప్పట్లు తీస్తున్నాను. ఇంకా ఎండ ఉంది. వంటింట్లోంచి అమ్మ మెట్ల దగ్గరికి వెళ్ళి, నేను పైన గదిలో ఉన్నాననుకుని పిలిచింది. "జోనీ! భోజనానికి రా!"

నా తలమీదుగా, మేడమీది బాత్రూం కిటికీలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ... వస్తున్నా!"

నా గొంతు.

"తొందరగా రా, చల్లారిపోతుంది," అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పళ్ళాలు సర్దుతున్న చప్పుడు.

అమ్మా, నేనిక్కడున్నా అని అరవడానికి నోరు తెరిచాను.

గొంతు రాలేదు.